మామయ్యగారి గదిలో రెండో వక్త

దయ్యాల్ని నమ్మనని ముందే చెప్పి, ఆ తర్వాత దయ్యం కథ మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి మీరూ నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం నిజంగానే అలాంటివాటి మీద నమ్మకం లేదు. హాస్టల్లో అమ్మాయిలంతా ఒక మంచం మీద చేరి దయ్యాల కబుర్లు చెప్పుకుంటుంటే, అసలు ఘట్టం రాకముందే నిద్రపోయిన దాన్ని నేను.

పైగా నా ఉద్యోగం అలాంటిది. సింగపూర్‌లో సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. మనుషులు మాట్లాడింది విని అక్షరాల్లో రాసిపెట్టే ప్రోగ్రాం మాది. ఆఫీసు మీటింగుల్లో వాడతారు. గొంతుని బట్టి ఎవరి మాట ఎవరిదో విడదీసి, వక్త 1, వక్త 2 అంటూ ఒక్కొక్కరిది ఒక్కో రంగులో చూపిస్తుంది.

అది ఎన్ని రకాలుగా తప్పులు చేస్తుందో నాకు బాగా తెలుసు. దగ్గుని మాట అనుకుంటుంది. ప్రెషర్ కుక్కర్ని మనిషి అనుకుంటుంది. గదిలో ఎవరూ మాట్లాడకపోతే ఊరుకోలేక తనే "ధన్యవాదాలు" అనో "మా ఛానెల్‌ని చూస్తూనే ఉండండి" అనో రాసేస్తుంది. అందుకే ఎవరైనా వింత జరిగిందంటూ నా దగ్గరికొస్తే, ముందు మైకు ఎక్కడ పెట్టారని అడుగుతాను.

ఇది మా మామయ్యగారికి సంబంధించిన సంగతి. ఆయన పేరు రాయడం లేదు. దాచాలని కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పేరు నా నోటితో అనలేదు, ఇప్పుడు చేత్తో రాయబోతే రావడం లేదు. మా అమ్మాయిదీ అదే కథ. దానికి అత్తయ్యగారి పేరు పెట్టాం. అత్తగారి పేరు పెట్టి కూతుర్ని తిట్టడం ఏ కోడలి వల్లా కాదు కదా, నేను "అమ్మలూ" అంటాను. మా ఆయన "అమ్మా" అంటారు. మామయ్యగారు భార్యని ఏనాడూ పేరుతో పిలిచినవారు కాదు, ఆయనకి మనవరాలు "బుజ్జమ్మ". ఆ పిల్ల పేరుని పేరుగా పిలిచేది మేముండే సెంగ్‌కాంగ్ పేట మొత్తం మీద దాని చైనీస్ టీచరు ఒక్కరే.

మామయ్యగారు తెనాలి వైపు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ ఆయనకి తోచదేమోనని బెంగపెట్టుకున్నాం గానీ, కొద్దిరోజుల్లోనే మా బ్లాకు కింద కాఫీ షాపులో ఆయనకంటూ ఒక బల్ల ఏర్పడిపోయింది. ఇక్కడివాళ్ళు టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేస్తే, అంటే ఆపుకుంటే, ఆయన కండువా వేసి చోప్ చేసేవారు. ఆ కండువా జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. డ్రైవరు లేని మా పేట రైలుకి బొమ్మ రైలని పేరు పెట్టి, ముందు అద్దం దగ్గర నిలబడి ఒక చుట్టు తిరిగొచ్చేవారు. అలా తిరుగుతూ ఆలోచించేది మాత్రం చచ్చిపోయి ఏడెనిమిది వందల ఏళ్ళయిన సన్యాసుల గురించి.

కృష్ణ ఒడ్డున ఒకప్పుడు ఒక చిన్న శైవమఠం ఉండేదట. ఆ మఠం గురువుల చరిత్ర తాటాకుల మీద మిగిలింది. దాన్ని శుద్ధంగా అచ్చువేయాలన్నది మామయ్యగారి పని. మిగతావన్నీ తేలాయి, రాసినవాడెవరో తేలలేదు. చిక్కంతా ఆ మఠం అలవాటులో ఉంది. అక్కడ కొత్తగా దీక్ష తీసుకున్నవాడికి గురువుగారి గురువు పేరు పెడతారు, మనం మనవలకి తాతల పేర్లు పెట్టుకున్నట్టు. కాబట్టి ముందు ఒక చంద్రశివుడు, ఆయన శిష్యుడు నందిశివుడు, ఆ నందిశివుడి శిష్యుడు మళ్ళీ చంద్రశివుడు. పుస్తకం చివర "చంద్రశివుడు చెప్పగా వ్రాసినది" అని ఉంది.

ఏ చంద్రశివుడు? పెద్దాయన అంటే, ఆయన చనిపోయిన ఘట్టం ఆ పుస్తకంలోనే ఉంది. చిన్నాయన అంటే, ఆయన పుట్టకముందు సంగతులు కళ్ళతో చూసినట్టు, "నేను" అంటూ చెప్పి ఉన్నాయి. పండితులు రెండు జట్లయి, దొరికినప్పుడల్లా ఒకరినొకరు దెప్పుకుంటూ వచ్చారు.

ఈలోగా మామయ్యగారి కంటికి జబ్బు చేసింది. చూపు నడిమధ్య మసకబారుతుంది, అంచులు మిగులుతాయి. మందులతో నెమ్మదించవచ్చు గానీ ఆపలేమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పారు. విజయవాడలో పుస్తకం వేస్తానన్నాయన, అట్ట మీద పేరు ఖాళీగా వదిలేద్దామన్నారు. మామయ్యగారు ఒప్పుకోలేదు.

"చూపు ఉండగానే ఆయనెవరో తేల్చాలమ్మా. ఇన్నాళ్ళూ ఒకడు పడ్డ కష్టం ఇంకోడి పేరున చలామణీ అవుతోంది. అది నేనూ చూసి ఊరుకుంటే ఎలా?" అన్నారు నాతో.

ఆయన టైపు చేయలేరు. తాటాకుల ఫొటోలు ట్యాబ్లెట్‌లో పెద్దవి చేసుకుని, తల ఓరగా పెట్టి, కంటి అంచుతో చదవగలరు. అందుకని మా కంపెనీ ప్రోగ్రాం ఆయన ఫోనులో వేసి ఇచ్చాను. పొద్దున మేమందరం వెళ్ళిపోయాక ఆయన పైకి చదువుతారు, అది రాసుకుంటుంది, సాయంత్రం నేను తప్పులు దిద్దుతాను. మీటింగు పద్ధతిని ఒక్క మనిషి పద్ధతికి మార్చాల్సింది, నేను మర్చిపోయాను.

మొదటి రోజు అంతా వక్త 1. నల్లరంగు. రెండో రోజు ఫైలు తెరిస్తే మధ్యమధ్యలో నీలంరంగు ముక్కలున్నాయి. వక్త 2.

కూరలు తరుగుతూ అడిగాను, పొద్దున ఎవరైనా వచ్చారా మామయ్యగారూ అని.

"ఎవరొస్తారమ్మా. నువ్వు పెట్టి వెళ్ళిన ఇడ్లీలు, నేను. వాటిని కూడా పది గంటలకే పంపించేశాను" అన్నారు.

రికార్డు విన్నాను. ఆయన గొంతు తప్ప ఇంకేం లేదు. ఆ వారం మా పైఫ్లాట్‌లో రెనోవేషన్ జరుగుతోంది, ఆ డ్రిల్లింగ్ అయ్యుంటుందనుకున్నాను. ఆ పని ముగిశాక కూడా నీలం వచ్చింది. ఫ్యాను ఆపించాను. ఫోను మార్చాను. శనివారం నేనే పక్కన కూర్చున్నాను. ఆయన చదువుతుంటే తెర మీద అక్షరాలు నల్లగా పడుతూ పడుతూ ఒకచోట నీలమయ్యాయి. ఆ క్షణాన నాకు ఆయన గొంతులో ఏ తేడా వినిపించలేదు. కాసేపటికి మళ్ళీ నలుపు.

ఇంకో రోజు అవే ఆకులు వెనకనుంచి ముందుకు చదివించాను. నీలం సరిగ్గా అవే ముక్కల దగ్గర పడింది. పేపరు చదివించాను, అంతా నలుపే. నేను దిద్దిన కాగితం పెట్టుకుని అవే ముక్కలు నేను చదివాను. అంతా నలుపే.

మా ఆయన ఇది విని నవ్వలేదు. నాన్న ఒంటరిగా కూర్చుని రెండు గొంతులతో మాట్లాడుకుంటున్నారేమో, మతి ఏమైనా తప్పుతోందేమోనని ఆయన భయం. మా పేట క్లినిక్‌కి నెలవారీ పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు ఆ సంగతి కూడా అడిగారు. డాక్టరమ్మ మామయ్యగారితో చాలాసేపు మాట్లాడి, ఈయనకి నాకంటే ఎక్కువ సంగతులు గుర్తున్నాయని పంపేసింది.

ఆఫీసులో గొంతులు విడదీసే భాగం నస్రీన్ చూస్తుంది. హైదరాబాదు అమ్మాయి, తెలుగు కూడా బాగా మాట్లాడుతుంది. రికార్డులన్నీ తనకిచ్చాను. రెండు రోజులు తీసుకుని, లంచ్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, ఇది ఒక్క మనిషి గొంతే. పక్కా. నేను మూడు తీర్ల చెక్ చేసిన. మరి మన మెషిన్ దీన్ని రెండు ఎందుకంటుందో నాకు సమఝ్ కాలే" అంది. డబ్బా మూత తీస్తూ, "అంకుల్‌ని అడగరాదు? ఆ నీలం కాడ ఏముందో" అంది.

నిజమే, అంతవరకూ ఆ నీలంలో ఏముందో నేను పట్టించుకోలేదు. నాకు అది తప్పు, దిద్దాల్సిన తప్పు, అంతే.

ఆ సాయంత్రం నీలం ముక్కలన్నీ ఒకచోట చేర్చి మామయ్యగారికి చదివి వినిపించాను. తాటాకు మీద పేరాలుండవు, చుక్కలుండవు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఉండదట. ఒకే ధారగా పోతుంది. అందుకని ఒకరి మాట ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో కంటికి కనిపించదు. ఇలా ఏరి పక్కన పెడితే ఎలా ఉంటుందో ఆయనా ఎప్పుడూ వినలేదు.

పెద్దయ్య జ్వరంలో కూడా పాఠం చెప్పారని ఒకచోట ఉంది. పెద్దయ్య పోయిన రోజు ఏటి ఒడ్డున ఎవరూ వంట చేయలేదని ఇంకోచోట. బాలయ్యకి అక్షరాలు దిద్దిస్తే పెద్దయ్య చేయి గుర్తొచ్చిందని మరోచోట. నేను తడుముకుంటూ చదువుతున్నాను, ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. మధ్యలో అన్నం పెట్టే వేళయిందని లోపలికి కేకేశాను.

"అమ్మలూ, రా, తాతగారికి కంచం పెట్టు."

"కమింగ్ లా," అంది అది గదిలోంచి.

అప్పుడు తట్టింది నాకు. చేతిలో కాగితాలు మళ్ళీ మొదటినుంచీ తిరగేశాను. నీలంలో ఒక్కచోట కూడా చంద్రశివుడనే మాట లేదు. నలుపులో అడుగడుక్కీ ఉంది. నీలంలో పెద్దాయన "పెద్దయ్య", చిన్నాయన "బాలయ్య". ఇద్దరిదీ ఒకటే పేరు, ఆ పేరు ఈ నీలం ముక్కలు రాసినాయన నోటికి రాదు.

"మామయ్యగారూ, ఇది రాసినాయన నాలాంటివాడు," అన్నాను. "గురువు పేరు ఎత్తకూడదు. శిష్యుడికేమో ఆ పేరే పెట్టాల్సొచ్చింది. ఇక వాణ్ణి ఏమని పిలుస్తాడు? ముద్దుపేరు పెట్టుకున్నాడు. నేను అమ్మలూ అన్నట్టే."

 ఆయన లేచి నిలబడ్డారు. అలా ఎందుకు లేచారో ఆయనకే తెలియనట్టు మళ్ళీ కూర్చున్నారు.

"నందిశివుడు," అన్నారు. "చంద్రశివుడు చెప్పగా వ్రాసినది. ఏ చంద్రశివుడని అందరం కొట్టుకు చచ్చాం గానీ, వ్రాసిందెవరని ఒక్కడూ అడగలేదే. ఆ మాటతో సహా, పేరున్న చోటల్లా పెద్దాయన తన నోటితో చెప్పిందే, చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆయన పోయాక తన మాటలు కలిపి పూర్తిచేశాడు. తన పేరు పెట్టుకోలేదు. అమ్మా, నా తల్లీ, ఇన్నేళ్ళు చదివాను, నాకు తట్టలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఈ పేర్లు పలకకూడదన్న పద్ధతి ఎంత చాదస్తమో అని మా అమ్మతో ఫోనులో విసుక్కున్న మనిషిని నేను.

మర్నాటినుంచీ ఆయన పాత లెక్చరర్ అయిపోయారు. మెషిన్ వేసిన రంగు సాక్ష్యం కాదన్నారు. రంగు మాట పీఠికలో రాస్తే తోటి పండితులు తనని బతకనివ్వరన్నారు. పేరు పలకని అలవాటు ఒక్కటే పట్టుకుని, ఒక్కో వాక్యం విడదీసి, ఎవరూ వంక పెట్టలేనట్టు వాదన కట్టారు. ఈ కిటుకు కనిపెట్టింది మా కోడలు అని నా పేరు మాత్రం స్పష్టంగా పెట్టారు. నేను వద్దన్నాను. "ఎవరి మాట వాళ్ళ పేరున ఉండాలి," అని మందలించారు.

ఇంతవరకూ నాకు నిద్ర పట్టని సంగతేమీ లేదు. మామయ్యగారు జీవితమంతా పద్యాలు, పాత వచనం చదివిన మనిషి. రాసిన చేయి మారినచోట ఆయనకి తెలియకుండానే ఊపిరో, లయో మారుంటుంది. మా చెవికి, నస్రీన్ లెక్కలకి అందని తేడా ఏదో మెషిన్‌కి అందుంటుంది. అలా సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ భాగానికి నా జవాబు అదే.

చివరి ఆకు చదివిన రోజు సంగతి వేరు.

ఆ రోజు సాయంత్రం ఫైలు తెరిచాను. ఆయన చివరి వాక్యం చదివి, "సమాప్తం" అన్నారు. నలుపు. ఫోను ఆపడం మర్చిపోయి లేచి వెళ్ళారు. రికార్డులో కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత వంటింట్లో కుళాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట నీలంరంగులో ఒక్క వాక్యం ఉంది.

"ఇక చాల్లే పాలకంకీ, కళ్ళు నొప్పెడతాయి."

నిశ్శబ్దంలో మెషిన్ ఏదో ఒకటి రాస్తుందని ముందే చెప్పాను కదా. నేను నవ్వుకున్నాను కూడా. ధన్యవాదాల బదులు ఈసారి కొత్తగా ఏదో మొదలుపెట్టిందనుకున్నాను. భోజనాల దగ్గర తమాషాగా చెప్పాను, "మామయ్యగారూ, ఇవాళ మెషిన్ మిమ్మల్ని పాలకంకీ అని పిలిచింది" అని.

ఆయన కలుపుతున్న చేయి ఆగిపోయింది. ఫోను తెమ్మన్నారు. ఆ వాక్యం మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు.

ఆయనకీ ఆయన తాతగారి పేరే పెట్టారట. తాతగారు ఎప్పుడూ వసారాలోనే కూర్చునేవారట. మామగారు వినేలా ఆ పేరు పిలవలేక వాళ్ళమ్మ, జొన్నచేలో పాలకంకులు నలుపుకుని తినే కొడుక్కి ఆ పేరు పెట్టుకుంది. ఆయన బడికెళ్ళే వయసులోనే ఆవిడ పోయింది. తర్వాత ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. సిగ్గేసి ఆయన ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యగారికి కూడా. మా ఆయన అయితే అన్నం మానేసి తండ్రి మొహం చూస్తూ కూర్చున్నారు, ఆ పేరు తనూ వినడం అదే మొదటిసారి.

"అమ్మ దీపం దగ్గర చదువుకోనిచ్చేది కాదు. కళ్ళు నొప్పెడతాయనేది," అన్నారు మామయ్యగారు.  ఆ పూట పెరుగన్నం మారు అడిగి తిన్నారు.

వంటింట్లోంచి మీరే అన్నారేమో, గుర్తు చేసుకోండని మర్నాడు అడిగాను. అనలేదన్నారు. అన్నా రికార్డులో ఉండాలి. వాల్యూం ఎంత పెంచినా కుళాయి, ఆ తర్వాత ఖాళీ. నస్రీన్ కూడా విని తలూపింది. అంతకుముందు ఎప్పుడైనా ఆయన ఆ మాట అన్నారేమోనని పాత ఫైళ్ళన్నీ వెతికాను. పాలకంకి ఎక్కడా లేదు.

ఆ రెండో వక్త ఎవరు? నందిశివుడు అనుకుంటే, ఆయనకి మా మామయ్యగారి ముద్దుపేరు ఎలా తెలుసు? వాళ్ళమ్మ అనుకుంటే, ఆవిడకి చదువే రాదు, మఠం పుస్తకంలో ఎవరి వాక్యం ఎవరిదో ఏరి పక్కన పెట్టడం ఆవిడ పనా? ఇటు లాగితే అటు చాలడం లేదు. ఇద్దరికీ నాకు కనిపించే పోలిక ఒక్కటే, పేరు పెట్టి పిలవలేని పిల్లవాణ్ణి ఇద్దరూ ముద్దుపేరుతో పిలుచుకున్నారు. అది జవాబు కాదని నాకు తెలుసు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద నందిశివుడి పేరుంది. మామయ్యగారు వేళ్ళతో తడిమి చూసుకున్నారు. ఇప్పుడు ఆయనకి అక్షరాలు కనిపించవు, మనుషులు అంచులుగా కనిపిస్తారు. అయినా బొమ్మ రైలు మానలేదు, అమ్మలు తోడు వెళుతుంది. పొద్దున్నే ఫోను ముందు పెట్టుకుని నోటికొచ్చిన పద్యాలు చదువుతూనే ఉన్నారు. నేను రాగానే చెప్పుల చప్పుడు విని అడుగుతారు.

"రెండో రంగు పడిందా అమ్మా?"

"లేదు మామయ్యగారూ."

"సరేలే," అంటారు.

ఒక్క వాక్యం నీలం చేయడం నాకు ఎంత పని. మొన్న ఆయనకి ఒంట్లో బాగాలేని రోజు, చేద్దామనే ఫైలు తెరిచాను. "ఇక చాల్లే పాలకంకీ" అని టైపు కూడా చేశాను. రంగు మార్చబోతూ ఆగిపోయాను. అది నా మాట. దాన్ని ఇంకొకరి పేరున ఆయనకి వినిపించలేకపోయాను. చెరిపేసి, వెళ్ళి లేదని చెప్పాను.

ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రోగ్రాం ఎన్నోసార్లు కొత్తది వేశాను, ఈ కొత్తవాటిలో ఒక్క గొంతే వినిపిస్తే అది తనే ఒక్క మనిషి పద్ధతికి మారిపోతుంది. ప్రతిసారీ గుర్తుపెట్టుకుని దాన్ని మళ్ళీ ఇద్దరి గొంతులు వినే మీటింగు పద్ధతిలోకి మార్చి ఆయన ముందు పెడుతున్నాను.